ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



కరెంటు ప్రమాదాలంటే మనం మోటార్లు, స్టార్టరు డబ్బాలు, వేలాడే తీగల గురించే మాట్లాడుకుంటాం. మాట్లాడాల్సిందే. ఈ రోజు మాత్రం వంటింట్లోకి వస్తాను. తడి గచ్చు, వట్టి కాళ్లు, తడి చేతులు, పక్కనే గ్రైండరు, ఫ్రిజ్. తడి మడిలో మోటారు దగ్గర నిలబడ్డట్టే గదా!

"మా ఇంట్లో ఎంసీబీ ఉంది, ఏం కాదు" అంటారు చాలామంది. లెక్క చూద్దాం. 16 ఆంపియర్ల ఎంసీబీకి 16,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గాని చలనం ఉండదు. గ్రైండరు బాడీకి కరెంటు దిగి, తడి చేత్తో ముట్టుకుంటే ఒంట్లోంచి 200 మిల్లీ ఆంపియర్లు పారొచ్చు. మనిషి ప్రాణానికి అది చాలు. ఎంసీబీకి మాత్రం ఇంకో చిన్న బల్బు వెలిగినట్టే. ఫ్యూజు కూడా అంతే.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎటో పోయాయంటే సెకనులో మూడో వంతు లోపే సరఫరా ఆపేస్తుంది. అమెరికాలో వంటింటి సింకు దగ్గరి సాకెట్లకు ఇలాంటి రక్షణ ఉండాలని 1987లోనే అక్కడి విద్యుత్ కోడ్‌లో చేర్చారు. అక్కడున్న మన పిల్లల ఇళ్లలో సాకెట్టు మీద రెండు చిన్న బటన్లు చూసే ఉంటారు, అవి ఇవే.

కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300వి కూడా అమ్ముతారు, అవి ఒంటికి రక్షణ కావు. ఎంసీబీ తీసేయకండి, రెండూ ఉండాలి. ఎర్తింగు కూడా ఉండాలి. నెలకోసారి టెస్టు బటన్ నొక్కండి, పడిపోకపోతే మార్చేయండి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఇదీ కాపాడలేదు.

ఇంకో మాట. న్యూట్రల్ సరిగా రాకపోతే ఎర్తు రాడ్డుకు కలుపుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ నిలవదు. "ఇది పనికిరాదు" అని పీకేస్తారు. పనికిరానిది ఆ వైరింగు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు లీకేజీ రక్షణ పరికరం పెట్టాలంటూనే, కొద్ది లోడున్న చిన్న ఇళ్లను మినహాయించాయి. ఎర్తింగు సరిగా లేనివి ఎక్కువగా ఆ ఇళ్లే! ప్రభుత్వ పథకాల్లో కట్టే ప్రతి ఇంటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి ఇవ్వాలని, మన వినతిపత్రంలో ఈ డిమాండు కూడా చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను.