తెరమీది ఎలుగు, తోటలోని ఎలుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున ఎలుగుబంటి యనిన నేమో పెద్దలకు వేరుగ చెప్ప నక్కరలేదు. మాగిన పనసపండు వాసన దానిని ఎంత దూరమునుండియైనను రప్పించును. జీడిమామిడి పండు దానికి మిక్కిలి ప్రీతి. చీకటి వీడకమునుపే తోటకు పోవలసిన రైతునకును, జీడిపిక్కలు ఏరు కూలిస్త్రీకిని పొదచాటున ఏమున్నదో తెలియదు. 2022వ సంవత్సరము జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలమున ఒక ఎలుగు ఒకరి ప్రాణము తీసి, పలువురిని గాయపరచినది. దానిని మత్తుమందిచ్చి బంధించిరి. పిదప అదియును మరణించినది.

అదే ఉద్దానమున, అవే వేసవి సెలవులలో, పిల్లవాడు టెలివిజన్ ముందు కూర్చుండి మరియొక ఎలుగును చూచి పకపక నవ్వుచుండును. అది వాల్ట్ డిస్నీ సంస్థవారు 1967లో విడుదల చేసిన ‘జంగిల్ బుక్’ చిత్రములోని బలూ. ఆ కథకు మూలము వ్రాసిన కిప్లింగు చేతిలో బలూ గంభీరుడైన గురువు. మౌగ్లీకి అడవి ధర్మములను వల్లె వేయించువాడు, తప్పినచో దెబ్బ వేయువాడు. సినిమావారు ఆ గురువును పాటలు పాడుచు, చెట్టునకు వీపు రాచుకొనుచు తిరుగు సోమరి స్నేహితునిగ మార్చివేసిరి. గురువుకంటె స్నేహితుడే పిల్లలకు నచ్చెను. అందులో ఆశ్చర్యమేమి!

ఈ రెండు ఎలుగులకును చుట్టరికమేమి? జంతువులు నాయకులుగాగల బొమ్మల సినిమాలు ఇంత ముచ్చటగ నుండుటకు కారణమేమి? ఆ ముచ్చట ఎలుగులును ఏనుగులును తిరుగాడు సీమలోని పిల్లవానికి ఏమి నేర్పును? ఈ ప్రసంగమున విచారింపదలచిన విషయమిది.

ముందుగా ఆ విద్య ఎట్టిదో కొంచెము తెలిసికొనవలయును. సినిమా తెరపై సెకనుకు 24 చిత్రములు మారును. అనగా నిమిషమునకు 1,440. గీసిన ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఫోటో తీసినను, నిమిషమునకు 720 బొమ్మలు కావలయును. కుందేలు చెవి యొకమారు నిక్కి వాలుటకు ఎన్ని బొమ్మలు గీయవలెనో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఇప్పుడు చాలవరకు కంప్యూటరుతో చేయుచున్నారు గాని, ఓపిక యందును పరిశీలన యందును తేడా రాలేదు. ఇక ముచ్చట గొలుపుటకు చిత్రకారులు పన్నిన ఉపాయము సులభమైనది. తలను పెద్దది చేయుదురు, కన్నులను పెద్దవి చేయుదురు, బుగ్గలను నింపుదురు. అనగా జంతువునకు చంటిబిడ్డ రూపము నిత్తురు. బిడ్డను చూచిన కన్ను కరుగకుండునా?

అయినను ఉపాయ మొక్కటియే చాలదు. 1942లో వచ్చిన ‘బ్యాంబి’ యను లేడిపిల్ల చిత్రమును తీయునపుడు డిస్నీ తన చిత్రశాలకు రెండు జింకపిల్లలను తెప్పించి పెంచెను. చిత్రకారులు అవి లేచుటను, తడబడుటను, మేయుటను చూచి చూచి గీసిరి. వారికి జంతువుల ఎముకల కూర్పును గురించి ప్రత్యేకముగ పాఠములు చెప్పించిరి. అందుచేతనే బ్యాంబి కన్నులు బిడ్డ కన్నులైనను, కాళ్లు మాత్రము లేడి కాళ్లే.

ఆ చిత్రమునకు పనిచేసినవారిలో క్లెయిర్ వీక్స్ ఒకడు. ఆయన భారతదేశమున క్రైస్తవ మిషనరీల ఇంట జన్మించినవాడు. 1956లో ఆయన మరల ఈ దేశమునకు వచ్చి, బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూను శాఖలో మన చిత్రకారులకు ఈ విద్యను నేర్పెను. ఆ శిక్షణయొక్క ఫలమే ‘బనియన్ డీర్’ అను చిన్న చిత్రము. తీసికొన్న కథ బుద్ధుని జాతకకథ: గర్భిణియైన లేడికి వంతు వచ్చినపుడు, దానికి బదులుగ మృగరాజు తానే రాజు వంటశాలకు పోయి తల వంచును. అమెరికాలో జింకపిల్లను చూచి నేర్చిన చేయి ఇక్కడ బోధిసత్త్వుడైన లేడిని గీయుటకు తోడ్పడినది. వంశధార దరిని సాలిహుండము కొండమీది స్తూపములను చూచినవారికి జాతకకథలు పరదేశపు సరుకని చెప్పబనిలేదు.

జంతువులచేత మాటలాడించుట తెలుగువారికి క్రొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు చేసిన స్నేహమును బడిలో చదివిన తరములు ఎన్నో గలవు. 1947లో పుట్టిన ‘చందమామ’ ఆ కథలకు రంగు లద్దినది. దాని ముఖచిత్రములు వేసినవారిలో మేటియైన వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళమున జన్మించినవారే. అవి కదలని బొమ్మలు. కదిలించు పని చదువరిది. సినిమా ఆ పనిని తానే చేసిపెట్టుచున్నది. ఇది లాభమో నష్టమో గాని, గ్రంథాలయములో కూర్చుండి చందమామ పుటలు త్రిప్పిన బాలునికిని, తెర ముందు కూర్చున్న బాలునికిని ఈ భేద మున్నది.

కదిలించుటయు మనకు తెలియనిది కాదు. తోలుబొమ్మలాటలో దీపము ముందర హనుమంతుడు ఎగిరినపుడు జనము నిజమైన కోతిని మరచుచుండిరి. విజయనగరమున దసరా వెళ్లిన మంగళవారమునాడు పైడితల్లి సిరిమాను ముందు నడచు తెల్ల ఏనుగు కట్టిన బొమ్మయని ఎల్లరకును తెలియును. తెలిసియు చేతులు జోడింతురు.

తెలుగువారి ఇటీవలి కృషిలో ‘కిట్టు’ అను కోతి కథకు 2006వ సంవత్సరపు ఉత్తమ యానిమేషన్ చిత్రముగ జాతీయ పురస్కారము వచ్చినది. అయితే విశేషముగ చెప్పదగినది రాజమౌళి 2012లో తీసిన ‘ఈగ’. అందులో మనుష్యులు నటులే గాని, నాయకుడైన ఈగ మాత్రము కంప్యూటరున పుట్టినది. ఈగకు కనుబొమలు లేవు, పెదవి లేదు, ముఖమంతయు కన్నులే. దానిచేత ఏడిపించుట యెట్లు, కోపింపజేయుట యెట్లు? ఆ చిత్రకారులు దానికి మనిషి ముఖము తగిలింపలేదు. తల వంచుట, కాళ్లు రుద్దుట, రెక్క లల్లార్చుట, ఇంతే సాధనములు. మాట రాదు కనుక అది చెప్పదలచినది అక్షరములు వ్రాసి తెలుపుకొనును. ఇంటిలో తువాలుతో కొట్టి చంపు పురుగుకొరకు జనము సినిమాహాలులో ఈలలు వేసిరి. ఆ చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగను, ప్రత్యేక దృశ్యములకుగాను జాతీయ పురస్కారములు లభించినవి.

దీనికి ప్రక్కన 2019లో వచ్చిన ‘లయన్ కింగ్’ను పెట్టి చూడుడు. 1994లో చేతితో గీసిన సింహములకు కనుబొమ లుండెడివి, చిరునవ్వు లుండెడివి. క్రొత్త చిత్రమున సింహము అచ్చముగ సింహమువలెనే యున్నది. అందుచేత ముఖమున దుఃఖము కనబడదు. ఆ లోటును తెలుగులో గొంతులు పూరించినవి. సింబాకు నాని, స్కారునకు జగపతిబాబు గొంతునిచ్చిరి. పుంబా యను అడవిపందికి బ్రహ్మానందమును, టిమోనునకు ఆలీయు మాటలాడిరి. టిమోను జాతి జంతువు ఈ దేశముననే లేదు. ఆలీ నోరు విప్పగనే అది మన సంతలో తిరుగు మనిషియైనది. ‘ఈగ’ చిత్రమున ఈగగా మరల పుట్టినవాడును, సింహమునకు గొంతైనవాడును ఒక్క నానియే యగుట వేడుకగ లేదా?

ఇక అసలు ప్రశ్న. ఒడిశా అడవులనుండి వచ్చిన ఏనుగులు సీతంపేట, కురుపాము, కొమరాడ ప్రాంతములలో కొన్నేండ్లుగ సంచరించినవి. వరిచేను, అరటితోట, చెరకు వాటికి భేదము లేదు. మనుష్యులును చనిపోయిరి. 2023 మే నెలలో భామిని మండలము కాట్రగడ సమీపమున నాలుగు ఏనుగులు విద్యుదాఘాతమున కూలినవి. పంట పోయిన రైతునకు తెరమీద చెవులు రెక్కలుగ ఎగురు ‘డంబో’ను చూపి, చూడు ఎంత ముద్దుగ నున్నదో యనిన, అతడు నవ్వునా? అతని కోపమున న్యాయము లేదనువారు ఒక్క రాత్రి ఆ చేనికి కావలి యుండి చూడవలయును.

కొందరు పెద్దలు ఈ సినిమాలు పిల్లలను భ్రమపెట్టుచున్నవనియు, బలూను చూచిన పిల్లవాడు తోటలో ఎలుగును కౌగిలించుకొనబోవుననియు భయపడుదురు. అది అతి భయము. ఉద్దానపు పిల్లవానికి ఆ రెంటి భేదము పట్టణపు పిల్లవానికంటె బాగుగ తెలియును. నిజమైన లోపము వేరు. తెరమీది ఎలుగు స్నేహితుడు, తోటలోని ఎలుగు శత్రువు, ఈ రెండింటి నడుమ ఏ మాటయు అతనికి చెప్పువారు లేరు. ఎలుగునకు చూపు మందము, వాసన మిక్కుటము. గాలి ఎదురైనపుడు మనిషి దాపునకు వచ్చువరకును దానికి తెలియదు. తెలిసినపుడు బెదరి పైబడును. అందుచేత గుంపుగ, చప్పుడు చేయుచు పోవుట మేలు. ఈ సంగతి బలూ చెప్పడు. బలూ చేసినది, ఎలుగు పేరు వినగనే పిల్లవాడు చెవి యొగ్గునట్లు చేయుట. ఆ యొగ్గిన చెవిలో ఏమి వేయవలెనో గ్రంథాలయము చూచుకొనవలయును.

కావున ఇట్టి చిత్రమును పిల్లలకు చూపిన సాయంత్రమే ఆ జంతువును గురించిన పుస్తకమును బల్లపై నుంచుట, అటవీశాఖవారిని పిలిచి అరగంట మాటలాడించుట, పంట పోయిన రైతుచేతను అదే సభలో చెప్పించుట చేయదగును. ఇందుకు ఖర్చు స్వల్పము.

మన తోటలలోని ఎలుగుతల్లి తన పిల్లలను వీపుపై నెక్కించుకొని నడచును. ఎలుగు జాతులలో ఈ యలవాటు దానికే ప్రత్యేకము. పొద్దు వాలిన తరువాత దూరమునుండి ఆ దృశ్యమును కన్నవారు ఉద్దానమున నుందురు. వారు కాగితముపై పెట్టరు, అడిగినచో చెప్పుదురు. పిల్లలను పంపి వారిచేత చెప్పించి, వ్రాయించి, బొమ్మలు వేయించి, ఆ వ్రాతప్రతిని నీతిచంద్రిక ప్రక్కన బీరువాలో నుంచుట ఈ గ్రంథాలయము వచ్చు వేసవికి చేపట్టవచ్చును.