వేలిముద్ర ఆమెది, నిర్ణయమూ ఆమెదే



అరవై దాటిన మనిషి రాత్రుళ్లు నిద్రలేకుండా గలగలా మాట్లాడుతూ, ఉన్న డబ్బంతా పంచేస్తుంటే ‘గాలి సోకింది’ అంటాం. ఆమే తర్వాత నెలల తరబడి మంచం దిగకపోతే ‘వయసు మీదపడింది’ అంటాం. ఈ రెండూ ఒకే జబ్బు కావచ్చు. దాన్ని బైపోలార్ అంటారు. పెద్ద వయసులో కొత్తగా కనిపిస్తే థైరాయిడ్, పక్షవాతం, వాడుతున్న మందుల సంగతీ డాక్టరు చూడాలి.

దీనికి మందులున్నాయి. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ చూపించిన లిథియం ఈనాటికీ వాడుతున్నారు. అయితే వయసుతో మూత్రపిండాల శక్తి తగ్గుతుంది కనుక రక్తపరీక్షలు మానకూడదు. మన దుర్గి ఎండలో మిరపకోతకు పోయి నీళ్లు తాగకపోయినా, ఒళ్లునొప్పులకు కొట్లో ఇచ్చిన బిళ్లలు మింగినా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చు. చేతులు బాగా వణికి, మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక హక్కు మాట. ‘పిచ్చిది’ అని ఆమె మాట చెల్లదంటారు. ఉద్రేకంలో ఉన్నప్పుడు మాత్రం పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటారు! జబ్బు ఉన్నంత మాత్రాన మతిలేనిదని తేల్చడానికి వీల్లేదని, అది కోర్టు చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. తన తరఫున మాట్లాడే మనిషిని ఆమే ఎంచుకోవచ్చు కూడా.

అందుకే మన సంఘాలు రెండు పనులు చేయాలి. పరీక్షలకు ఆమెకు తోడు వెళ్లాలి. ఆమె కోలుకుని, చదివించుకుని విన్నాకే ఏ కాగితమైనా ఆమె ముందు పెట్టనివ్వాలి.