గంగోత్రి నుండి గోముఖమునకు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

దేశాటనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కాలినడకను చూచి వచ్చిన గంగోత్రి హిమానీనదమును గూర్చి విన్నవించెదను.

హిమానీనదమనగా గడ్డకట్టిన నది యని పలువురు తలంతురు. అది సరికాదు. ఏటేట కురిసిన మంచు కరుగక, పొరమీద పొర పేరుకొని, పైబరువునకు అడుగుపొరలు నొక్కుకొనిపోయి గట్టి గడ్డయగును. ఆ గడ్డ తన బరువుచేతనే, ముదిరిన బెల్లపుపాకము వాలునకు జారినట్లు, కంటికి తెలియనంత మెల్లగా పల్లమునకు కదలును. గంగోత్రి హిమానీనదము పొడవు సుమారు 30 కిలోమీటర్లు. దాని కొనయే గోముఖము. అచ్చటి మంచుగుహనుండి వెలువడిన భాగీరథి, దేవప్రయాగకడ అలకనందతో కలిసి గంగ యను పేరు దాల్చుచున్నది.

గంగోత్రి ఆలయమువరకు మోటారు బండ్లు పోవును. అచ్చటినుండి సుమారు 18 కిలోమీటర్ల కాలిబాట. పొలముపనికి అలవాటుపడిన కాళ్లకు అది లెక్కలోనిది కాదు; కష్టమంతయు ఊపిరితోనే. గంగోత్రియే 10,000 అడుగులకు పైనున్నది; గోముఖము సుమారు 13,000 అడుగులు. కావున గంగోత్రిలో రెండు రాత్రులు విడిసి నడచుట మేలు. తలనొప్పియు వాంతియు పట్టినవారు పంతమునకు పోక క్రిందికి దిగవలెను.

దారిలో భోజ్‌బాసా యను మజిలీ కలదు. భూర్జవృక్షముల నివాసమని దాని యర్థము. మన పూర్వులు తాటాకులమీద వ్రాసినట్లు ఉత్తరదేశీయులు ఆ చెట్టు బెరడుమీద వ్రాసిరి. గ్రంథాలయమున చెప్పదగిన మాటయే గదా! కాని యాత్రికుల వంటచెరకునకై ఆ చెట్లను కొట్టివేయగా పేరు మాత్రమే మిగులు స్థితి వచ్చినది. పర్వతారోహకురాలు డాక్టరు హర్షవంతీ బిష్ట్‌గారు 1990 దశకమున అచ్చట భూర్జపు మొక్కలు నాటించి పెంచిరి. 2008 నుండి రోజునకు 150 మందికి మించి అనుమతి నిచ్చుట లేదు. దీనికి నొచ్చుకొను భక్తులు కలరు. నాకు మాత్రము న్యాయముగనే తోచినది.

వెండికొండను ఊహించుకొని పోయినవారికి గోముఖము మొదట నిరాశయే. మంచుపై నంతటను రాళ్లు, దుమ్ము. మంచు తిరుగలివలె రాతిని నూరగా పుట్టిన పిండి కలిసి నీరును బూడిదవన్నెగా నుండును. గడ్డ విరిగినచోట మాత్రము లోపలి నీలిమ కనబడును. తలయెత్తినచో 6,543 మీటర్ల శివలింగ శిఖరము.

1935లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఆడెన్ దొర ఈ కొన యున్నచోటును పటమున గుర్తించెను. 1996 నాటికి అది ఒక కిలోమీటరునకు మించి వెనుకకు పోయినది. గాలి వేడెక్కుటయే దీనికి ముఖ్యకారణము. గంగ రేపో మాపో ఎండునని కొందరనుట అతిశయోక్తి. మైదానమున ఆమె నీటిలో పెద్దపాలు వానలది. అయితే కొండపల్లెల వేసవి నీటికి మంచును ఒక ఆధారము, కష్టము ముందు వారిది.

గుహవాకిట స్నానమునకు దిగువారిని చూచితిని. అది ప్రమాదము. 2016లో అచ్చట పెద్దతునక విరిగిపడి, మంచుముక్కలు గంగోత్రివరకు కొట్టుకొనివచ్చినవి. నీరు కావలసినవారు చాల దిగువన పట్టుకొనవచ్చును. నేనట్లే ఒక చెంబు పట్టి తెచ్చితిని. సభ ముగిసిన పిదప కోరినవారికి తీర్థముగా నిచ్చెదను.