రక్షణ అకాడమీకి దరఖాస్తు
(పట్టణ గ్రంథాలయమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను యుద్ధమును గూర్చి చెప్ప రాలేదు. ఒక దరఖాస్తును గూర్చి చెప్ప వచ్చితిని. పుణె చెంత ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో చేరగోరు మన పిల్లలు ఆ కాగితము నెట్లు సిద్ధపరచుకొనవలెనో విన్నవింతును.

ఆ ద్వారము మనకు ఊరక తెరచుకొన్నది కాదు. 1918 వరకు ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ తలుపు భారతీయునకు మూసియే యుండెను. పిమ్మట ఏటికి 10 స్థానములు దయచేసిరి! మహాసభలలోను శాసనసభలలోను ఎంతయో వాదించిన మీదట 1932లో డెహ్రాడూనున 40 మందితో మన సైనిక అకాడమీ వెలసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప మూడు దళముల యభ్యర్థులకును ఒక్కచోటనే చదువు నేర్పు రక్షణ అకాడమీ ఏర్పడి, 1955లో ఖడక్‌వాస్లాలో స్థిరపడెను. 2021లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే బాలికలకును ఆ పరీక్ష వ్రాయు హక్కు లభించినది. తొలి జట్టు యువతులు 17 మంది 2025లో శిక్షణ ముగించి వెలుపలికి వచ్చిరి. తెలుగువాడైన కె.వి. కృష్ణారావుగారు 1981లో సేనాధిపతి యయ్యెను. కావున ఇది మనకు చెల్లని వృత్తి యనువారి మాట వినకుడు.

అమెరికాలో వెస్ట్ పాయింటున చేరగోరు బాలుడు సాధారణముగా తన ప్రాంతపు కాంగ్రెసు సభ్యుని నామినేషను సంపాదింపవలెను. ఇక్కడ అట్టిది లేదు. పైగా సిఫారసుకై యత్నించుటయే దోషమని యూనియన్ పబ్లిక్ సర్వీసు కమీషను నిబంధన. ఐనను పెద్దల చీటీ తెప్పింతుమని తిరుగు మధ్యవర్తులకు మన పట్టణములలో కొదువ లేదు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. బాలికలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని అదియు లేదు. అంతకు మించి యెవ్వడైనను అడిగినచో వాడు మోసగాడని యెరుగుడు.

నా వృత్తికి సంబంధించిన సంగతి యొకటి కలదు. మన పల్లెలలో బడిపంతులు తనకు తోచిన తేదీని పుట్టినరోజుగా వ్రాయుట, ఇంటిలో జాతకము వేరొకటి చెప్పుట మామూలు. కమీషనువారు పదవ తరగతి ధ్రువపత్రములోని తేదీ నొక్కదానినే అంగీకరింతురు. జాతకము పనికిరాదు, పురపాలక సంఘపు నకలు పనికిరాదు, మేము వ్రాసియిచ్చు అఫిడవిట్టును పనికిరాదు. శిక్షణ మొదలగు నాటికి వయస్సు 16½ మొదలు 19½ సంవత్సరముల నడుమ నుండవలెను. ఒక్కరోజు తేడాచే అవకాశము పోవును. అఫిడవిట్టుకై నాయొద్దకు వచ్చు తండ్రులను ఈ కారణముననే త్రిప్పి పంపుచున్నాను. తేదీయు, పేరులోని అక్షరములును సరియో కాదో పిల్లవాడు పదవ తరగతి పరీక్షకు కట్టకముందే చూచుకొనుడు.

ఆ పిమ్మట ఏ గ్రూపు చదువవలెనన్న నిర్ణయము. పదాతి మొదలగు సైన్యశాఖకు ఇంటర్మీడియట్ ఏదైనను చాలును. నౌకా, వైమానిక దళములకు గణితము, భౌతికము, రసాయనము కావలెను. వ్రాత పరీక్షలో గణితమునకు 300, సామాన్య జ్ఞానముతో ఇంగ్లీషునకు 600 మార్కులు. కనుక చరిత్ర చదివినవాడును గణితము తప్పించుకొనజాలడు. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీ భాషలలోనే యుండును. తెలుగు పిల్లలకిది అన్యాయమని నా యభిప్రాయము. ఐనను పోరు సాగునంతవరకు ఇంగ్లీషు దినపత్రిక నొకదానిని రోజును చదువుట మేలు.

వ్రాతకు 900 మార్కులైనచో, ఎంపిక మండలి యెదుట మఱి 900. అక్కడ అయిదు దినములు. బొమ్మ చూచి కథ వ్రాయుట, ఒక్కొక్క మాటకు 15 సెకండ్లలో తోచిన వాక్యము వ్రాయుట, పదిమందితో కలిసి త్రాళ్లతో, కఱ్ఱలతో అడ్డంకి దాటుట. మనశ్శాస్త్రజ్ఞుడు, జట్టు పరీక్షకుడు, ప్రశ్నించు అధికారి ముగ్గురును వేఱువేఱుగా తూచి, తుదకు కలిసి చర్చింతురు. అభ్యర్థి నింపిన వివరపత్రమునుండియే ప్రశ్నలు పుట్టును. కోర్టులో క్రాసు పరీక్ష చూచినవారికి ఇది తెలియును: వల్లించిన సాక్షి మూడవ ప్రశ్నకే తడబడును. ఆడని ఆటకు కెప్టెననని వ్రాయుటకంటె ఊరి చెఱువు పూడిక తీయించిన సంగతి నిజముగా వ్రాయుట మేలు. జట్టులో అందఱికంటె బిగ్గరగా అరచినవాడే నాయకుడను భ్రమ మన శిక్షణ కేంద్రములు కొన్ని వ్యాపింపజేసినవి; వెనుకబడినవానికి చేయి యిచ్చువానిని గుర్తించుటకే ఆ యధికారి అక్కడ నిలిచియుండును.

కన్నులు, చెవులు, పండ్లు ముందే వైద్యునికి చూపింపుడు. పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపునను, అరచేతి వెనుకను మాత్రమే అనుమతింతురు. జాతరలో సరదాకు మెడమీద పొడిపించుకొన్న బొట్టు అన్నిటిలోను నెగ్గినవానిని సయితము త్రిప్పి పంపగలదు. గిరిజనుల ఆచారమునకు వేఱు వెసులుబాటు కలదు.

కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుండి మన గడ్డపైననే యున్నది. చిన్నతరగతుల పిల్లలు గల తలిదండ్రులు దానిని గూర్చి విచారింపవలెను. అకాడమీ పరీక్ష ప్రకటన ఏటికి రెండుసారులు వెలువడును. దానిని ఈ గ్రంథాలయపు గోడమీద తెలుగులో వ్రాసి యంటించుపని మన వాలంటీర్లు ఒప్పుకొన్నారు. ఆదివారము ఉదయము నేనిక్కడనే యుందును. పిల్లలను, వారి పదవ తరగతి పత్రములను వెంటబెట్టుకొని రండు.