గుంతలకు ఒక సూది, పొడిబారిన చర్మానికి ఒక సూది

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

 

ఈ వారం మొఖం ముచ్చట. నవ్వకండి. మన క్యాంపుల్లో పిల్లలు ఫోన్లో ఏం చూస్తున్నారో నాకు తెలుసు. స్కిన్ క్లినిక్ల ఆఫర్లు. "అన్నా, మైక్రోనీడ్లింగ్ మంచిదా, హైడ్రేషన్ ఇంజెక్షన్ మంచిదా? లీవ్‌కి పోతున్న, సంబంధాలు చూస్తున్నరు" అని అడుగుతారు. దీని కోసం అప్పు తీసుకుందామనుకునే వాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఈ ఎపిసోడ్.

నేను సైట్ సూపర్వైజర్ని, డాక్టర్ని కాదు. మా పిల్లలకు ఇంగ్లీషులో మాట సాయం కోసం చర్మ డాక్టర్ల దగ్గరికి వెంట వెళ్తుంటాను. అక్కడ విన్నది, తర్వాత చదివి సరిచూసుకున్నది చెప్తాను.

ముందు ఒక మాట. ఈ రెండింటిలో ఏది మంచిది అని అడిగితే జవాబు రాదు. రెండూ వేరు వేరు పనులు. సైట్ భాషలో చెప్తా. కాలమ్ షట్టరింగ్ విప్పగానే హనీకోంబ్ కనిపించింది అనుకోండి. ఎన్ని రోజులు క్యూరింగ్ చేసినా ఆ గుంతలు పూడవు. వదులుగా ఉన్నది చెక్కేసి, గ్రౌట్‌తో నింపాలి. అదే స్లాబ్ ఎండకు పొడిబారుతుంటే దానికి కావలసింది నీళ్లు. అక్కడ చిప్పింగ్ మెషిన్ పెడితే ఉన్నది కూడా పాడవుతుంది. మొఖానికీ ఇదే లెక్క.

మైక్రోనీడ్లింగ్ అంటే, పెన్ను లాంటి మెషిన్‌కి సన్నటి సూదుల తల ఉంటుంది. మొఖానికి మత్తు క్రీమ్ రాసి, ఆ సూదులతో చర్మంలోకి చిన్న చిన్న రంధ్రాలు చేస్తారు. లోతు మామూలుగా అర మిల్లీమీటరు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా. దెబ్బ తగిలింది అనుకుని శరీరం మాన్పడం మొదలుపెడుతుంది. ఆ మాన్పులో కొల్లాజెన్ అనే కొత్త పీచు తయారై, గుంత కిందనుంచి మెల్లగా పైకి లేస్తుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో ఇలాంటి మెషిన్‌కి మొదటిసారి అనుమతి ఇచ్చింది కూడా మొటిమల గుంతల కోసమే.

ఇక్కడ టైం చూసుకోవాలి. ఒక్క సిట్టింగ్‌తో అవ్వదు. నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు దాకా పడతాయి. పూర్తి ఫలితం కనిపించడానికి ఇంకా కొన్ని నెలలు. లీవ్‌కి పదిహేను రోజుల ముందు ఒక్కసారి చేయించుకుని విమానం ఎక్కితే, పెళ్లిచూపుల్లో కనిపించేది పెద్దగా ఏమీ ఉండదు.

గుంతలన్నీ కూడా ఒక రకం కాదు. అంచులు మెత్తగా, అలల్లాగా ఉండేవి బాగా తగ్గుతాయి. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేవి మైక్రోనీడ్లింగ్‌కి అంతగా లొంగవు, వాటికి డాక్టర్లు వేరే పద్ధతులు వాడతారు. మొటిమ పోయాక మిగిలే నల్లటి మచ్చ అసలు గుంతే కాదు, రంగు మాత్రమే. వేలితో తడిమితే చదునుగా ఉంటుంది. ఎండ తగలకుండా చూసుకుంటే చాలావరకు నెలల్లో అదే తగ్గుతుంది. మొటిమలు ఇంకా వస్తుంటే ముందు వాటికి మందు వాడాలి.

ఇప్పుడు రెండోది, హైడ్రేషన్ ఇంజెక్షన్లు. క్లినిక్లలో స్కిన్ బూస్టర్ అంటారు. ఇందులో ఉండేది హయలురోనిక్ యాసిడ్. యాసిడ్ అని పేరుంది గానీ కాల్చేది కాదు, నీటిని పట్టి ఉంచే పదార్థం. మన చర్మంలో, కీళ్లలో, కంట్లో పుట్టుకతోనే ఉంటుంది. 1934లో దీన్ని మొదట వేరు చేసింది ఆవు కంటి నుంచే. పెదవులు, బుగ్గలు ఉబ్బించే ఫిల్లర్లలో ఇదే గట్టి జెల్‌గా ఉంటుంది. బూస్టర్‌లో పలచగా ఉంటుంది. ఆకారం మార్చదు, చర్మాన్ని మృదువుగా చేస్తుంది. ప్రొఫైలో అనేదాన్ని మొఖానికి ఒక్కో పక్క ఐదు చోట్ల వేస్తారు, నెల తేడాతో రెండుసార్లు. స్కిన్‌వీవ్ అనే ఇంకోదానికి 2023లో ఎఫ్‌డీఏ బుగ్గల నునుపు కోసం అనుమతి ఇచ్చింది, దాని పని ఆరు నెలల దాకా. అంటే ఇది ఒకసారి కట్టి మర్చిపోయే ఖర్చు కాదు. కావాలంటే మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. లోతైన గుంతలు దీంతో పూడవు.

ఇంకో ముఖ్యమైన మాట. హైడ్రేషన్ ఇంజెక్షన్‌తో తెల్లబడరు. తెల్లబడే ఇంజెక్షన్ అని అమ్మే గ్లూటాథియోన్ వేరే సరుకు, దాన్ని నరంలోకి ఎక్కించుకోవద్దని ఫిలిప్పీన్స్ ప్రభుత్వ ఔషధ సంస్థ కూడా హెచ్చరించింది. మన రంగుకు రోగం ఏమీ లేదు, దానికి మందు అక్కర్లేదు.

ఇక మన పనికి సంబంధించిన ముచ్చట. నీడ్లింగ్ తర్వాత మొఖం ఒకటి నుంచి మూడు రోజులు ఎర్రగా, మంటగా ఉంటుంది. ఆ రంధ్రాలు మూసుకునే లోపల సిమెంటు దుమ్ము, హెల్మెట్ కింద చెమట, ఎండ తగిలితే ఇన్ఫెక్షన్ రావచ్చు. మన లాంటి చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కు కూడా ఉంది. దెబ్బ తగిలిన చోట ఎండ పడితే నల్లమచ్చ పడుతుంది. గుంత తగ్గించుకోబోయి మచ్చ తెచ్చుకున్నట్టు అవుతుంది. ఇంజెక్షన్ అయితే చిన్న బుడిపెలు ఒకటి రెండు రోజులు, కమిలిన మరకలు వారం దాకా ఉండొచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపమని రూల్ ఉంది కదా. ఆ రూల్ అవసరమైన నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. బయట పని చేసేవాళ్లయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, సెలవు రోజులు కలుపుకుని చేయించుకోండి.

భయపెట్టడానికి కాదు గానీ ఇది చెప్పకుండా ఉండలేను. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, రక్తం కలిపి చేసే మైక్రోనీడ్లింగ్ వల్ల కొందరు ఆడవాళ్లకు హెచ్‌ఐవి సోకింది. 2018లో బయటపడింది, 2024లో అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ నివేదిక ఇచ్చింది. సూది అంటే రక్తం, రక్తం అంటే ఒకరి సూది ఇంకొకరికి వాడకూడదు. రూంలో నలుగురు ఒకే డెర్మారోలర్ వాడటం కూడా అదే ప్రమాదం. సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే హయలురాన్ పెన్నులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిని వాడొద్దని ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. నీడ్లింగ్ అయిన మొఖం మీద ఇంట్లో ఉన్న సీరం రాయకండి. అలా రాస్తే గడ్డలు కట్టిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

క్లినిక్‌కి వెళ్తే ఐదు ప్రశ్నలు అడగండి. చేసేది ఎవరు, లైసెన్సు ఉందా? దుబాయ్‌లో అయితే డీహెచ్‌ఏ లైసెన్సు ఉండాలి. సూదుల తల కొత్త ప్యాకెట్ నా ముందే విప్పుతారా? ఇంజెక్షన్ మందు పేరు, బ్యాచ్ నంబరు రాసిస్తారా? మొత్తం ఎన్ని సిట్టింగ్‌లు, అన్నీ కలిపి ఎంత? తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? వీటికి జవాబు చెప్పడానికి విసుక్కుంటే లేచి వచ్చేయండి. మీరు కూడా అన్నీ చెప్పాలి. షుగరు, రక్తం పలచబడే మందులు, పెదవి మీద జ్వరం పొక్కులు, దెబ్బ తగిలితే ఉబ్బుగా లేచే మచ్చలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు, ఏదీ దాచొద్దు.

చివరగా, పైసలు కట్టే ముందు మూడు నెలలు ఈ పని చేయండి. మొఖానికి, మెడకు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ సన్‌స్క్రీన్, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. మెడ కప్పే గుడ్డ. స్నానం అయిన వెంటనే, చర్మం తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్. గట్టి సబ్బుతో మొఖం రుద్దడం బంద్. మన వాళ్లలో చాలామందికి ఉన్నది ఎండ దెబ్బ, పొడిబారడం. అది దీంతోనే చాలావరకు తగ్గుతుంది, ఇంజెక్షన్ దాకా పోనక్కర్లేదు. మూడు నెలల తర్వాత కూడా వేలికి తగిలే గుంతలు ఉండి, మనసుకు బాధ ఉంటే, చలికాలం చూసుకుని డాక్టర్‌ని కలవండి. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. అప్పు మాత్రం చేయకండి. పెళ్లి సంబంధం కోసం అప్పు చేస్తే, పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి కట్టాలి.

మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌గా పంపండి. డాక్టర్ చెప్పాల్సినవి డాక్టర్‌నే అడిగి, వచ్చే ఎపిసోడ్లలో చెప్తాను. నీళ్లు తాగండి, నీడలో కూర్చోండి. ఉంటాను మరి.