కంప్యూటరు మార్చాలా, బాగు చేయిస్తే చాలా?



ఈ మధ్య మన ఇళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "అమ్మా, కంప్యూటరు పాతదైపోయింది, ప్రాసెసరూ ర్యామూ అన్నీ మార్చాలి" అంటారు పిల్లలు. హన్మకొండలో ఏ దుకాణానికో తీసుకెళితే అక్కడి కుర్రవాడు మూత కూడా విప్పకుండానే "మొత్తం మార్చుడే మేడం" అంటాడు. వేలల్లో లెక్క చెబుతాడు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి? పిల్లల ఫీజుకని దాచిన దాంట్లోంచో, చిట్టీ పాడుకున్న దాంట్లోంచో తీసి ఇవ్వవలసింది మనమే గదా! ఇచ్చేది మనమైనప్పుడు ఎందుకిస్తున్నామో కూడా మనకు తెలియాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ప్రాసెసరు అంటే వంట చేసే మనిషి అనుకోండి. ర్యామ్ అంటే వంటగట్టు. వండేటప్పుడు కావలసినవన్నీ చేతికి అందేట్టు పెట్టుకునే చోటు అన్నమాట. హార్డ్ డిస్కు సామాన్ల గది. గట్టు ఇరుకైతే మనిషి ఎంత చురుకైనదైనా మాటిమాటికీ సామాన్ల గదికి పరుగెత్తాలి. వీటన్నిటినీ కలిపి ఉంచే మదర్‌బోర్డు వంటిల్లు. గట్టు మీద ఇంకో బండ వేయించుకోవచ్చు, సామాన్ల గది సర్దుకోవచ్చు. వంటిల్లే మార్చాలంటే మాత్రం గోడలు పగలగొట్టాలి. అసలు ఖర్చంతా అక్కడుంది.

కాబట్టి ముందుగా తెలుసుకోవలసింది, ఆలస్యం ఎక్కడ జరుగుతోందని. కంప్యూటరు మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత శాతం పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. మెమరీ 90 దాటి అక్కడే నిలిచిపోతే గట్టు చాలడం లేదన్నమాట. డిస్కు 100 దగ్గర కూర్చుంటే ఆలస్యం సామాన్ల గదిలో. రెండూ కలిసి పెరిగితే ముందు ర్యామ్ సంగతే చూడండి, గట్టు చాలనప్పుడు డిస్కు మీద కూడా భారం పడుతుంది. ఆ రెండూ తీరిగ్గా ఉండి, సీపీయూ ఒక్కటే మీ మామూలు పనికి కూడా నూటికి నూరు చూపిస్తూ ఉంటే, అప్పుడు ప్రాసెసరు మాట ఎత్తవచ్చు. దుకాణానికి వెళ్లేముందు ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. కాగితం చేతిలో ఉన్న మనిషితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఓరుగల్లు ఎండలు మీకు నేను చెప్పాలా! దానికి తోడు దుమ్ము. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేవారికైతే పత్తి నూగు కూడాను. అదంతా పోయి ప్రాసెసరు మీది ఫ్యానులో, దాని కింది రేకుల సందుల్లో పేరుకుంటుంది. గాలి ఆడదు. ప్రాసెసరు మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దాన్ని అలాగే తయారుచేశారు. చలికాలంలో బాగానే నడిచిన పెట్టె మే నెలలో ముసలిదైపోయినట్టు కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. దుమ్ము ఊదించి, ప్రాసెసరుకూ దాని మీది రేకులకూ మధ్య ఉండే పేస్టు ఎండిపోయి ఉంటే కొత్తది పూయించి, పెట్టెను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపి చూడండి. వేలు పోసి కొత్తది కొన్నా, దుమ్ములోనే పెడితే రెండు వేసవుల్లో అదీ ఇంతే.

ఇక ర్యామ్, డిస్కు. పాత పెట్టెల్లో తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే కంప్యూటరు తెరుచుకోవడంలోనే తేడా తెలుస్తుంది. దానికోసం బోర్డు మార్చనక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్నవారు ఎనిమిదో పదహారో చేసుకుంటే పిల్లల పాఠాలు, ఉత్తరాలు, లెక్కలు, బ్యాంకు పనులు హాయిగా సాగిపోతాయి. కానీ ఏ ర్యామ్ పడితే ఆ ర్యామ్ పట్టదు సుమా! డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలు. ఒకదాని గంటు ఒకచోట, ఇంకోదాని గంటు ఇంకోచోట ఉంటుంది. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 దూరదు. మీది ఏ రకమో బిల్లు మీద చూడండి, లేకపోతే ఇంట్లో ఉన్న ముక్కనే దుకాణానికి పట్టుకెళ్లండి. జాకెట్టు గుడ్డకు మ్యాచింగ్ తేవడానికి చీరె చెంగు పట్టుకుపోమూ?

ప్రాసెసరు మార్చడం దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. 2017 మొదట్లో ఇంటెల్ వారి ఏడో తరం ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడు అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చింది. రెండింటి సాకెట్ నంబరూ 1151 అనే. అయినా ఏడో తరం బోర్డులో ఎనిమిదో తరాన్ని కూర్చోబెడితే పనిచేయదు, బోర్డు కూడా మార్చాలి. ఇదే ఏఎమ్‌డీ వారిదైతే, 2017లో కొన్న ఏఎమ్4 బోర్డులు చాలావాటిలో 2020లో వచ్చిన రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లు పనిచేస్తాయి, బోర్డు కంపెనీ ఇచ్చే బయాస్ అప్‌డేట్ ఒక్కటి చేయించుకోవాలి. ఒకే ఏడు కొన్న రెండు ఇళ్లలో ఒకరికి కొత్త వంటిల్లు, ఇంకొకరికి కొత్త వంటమనిషి. అందుకే "ఎన్నేళ్లయింది?" అన్న ప్రశ్నకన్నా "ఏ బోర్డు?" అన్న ప్రశ్న ముఖ్యం.

ఇప్పుడు మనల్ని తొందరపెడుతున్నది విండోస్ 10 వ్యవహారం. మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ఆపేశారు. ఇళ్లలో వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలకు పొడిగింపు ఇచ్చారు. మద్దతు ఆగినంత మాత్రాన పెట్టె ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు. పాటలు వినడానికైతే పరవాలేదు. బ్యాంకు ఖాతా తెరిచే కంప్యూటరుకు మాత్రం అది తాళం చెడిపోయిన వీధి తలుపు లాంటిదే.

విండోస్ 11కు సాధారణంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 వరుస, లేదా ఆ తరువాతవి కావాలి. టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఇక్కడ జాగ్రత్త! ఎనిమిదో తరం, ఆపై బోర్డులు చాలావాటిలో టీపీఎమ్ ఉంటుంది, కాకపోతే బయాస్‌లో ఆపి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే సరిపోయేదానికి "పనికిరాదు, మార్చాలి" అని చెప్పేవారున్నారు. మైక్రోసాఫ్ట్ వారిదే పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, ఏది తక్కువైందో అదే చెబుతుంది. అది వేసి చూడనిదే ఒక్క రూపాయి బయటికి తీయకండి.

ఏడో తరమో అంతకుముందుదో అయితే రెండే దారులు. ఒకటి లినక్స్. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, పాత పెట్టెల మీద కూడా సవరణలు వస్తూంటాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు. ఇంటి పనులకు చాలు. ఇంట్లో దుకాణం లెక్కలు టాలీలో రాసేవారుంటే మాత్రం కుదరదు, అది విండోస్ మీదే నడిచేది. రెండో దారి బోర్డు, ప్రాసెసరు మార్చడం. ఇక్కడ ర్యామ్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది.

2025 చివరి నెలల్లో ర్యామ్ ధర మిర్చి ధరలా ఎగిరింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోవడమే కారణం. ఆ చిప్పులు చేసేవాళ్లు ప్రపంచంలో ముఖ్యంగా ముగ్గురే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మన హైదరాబాదులో కూడా ఆఫీసున్న మైక్రాన్. ఆ మైక్రాన్‌వారు క్రూషియల్ పేరుతో ఇళ్లవాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని 2025 డిసెంబరులో ప్రకటించారు. కాబట్టి ఇంట్లో ఉన్న మంచి డీడీఆర్4 ముక్కలను ఎక్స్ఛేంజి కింద చౌకగా వదులుకోకండి. ఇంటెల్ పన్నెండు నుంచి పద్నాలుగో తరం వరకు పట్టే బోర్డుల్లో డీడీఆర్4 తీసుకునేవి కూడా ఉన్నాయి. ఏఎమ్4 సరేసరి. పాత ర్యామ్ అందులో పెట్టుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఏఎమ్5 బోర్డు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, ఖర్చెక్కువ. అయితే ఆ సాకెట్‌కు 2027 దాకా, ఆపైన కూడా మద్దతిస్తామని ఏఎమ్‌డీ వారు చెప్పారు. పదేళ్లు వాడదలచినవారికి అది లాభం. మామూలు ఇంటి పనికి నేనైతే పాత ర్యామ్ నిలుపుకునే బేరానికే మొగ్గుతాను.

అబ్బాయి బీటెక్‌లో చేరాడు గనుక కొత్తది తప్పదంటాడా? మొదటి సంవత్సరం సీ, పైథాన్ నేర్చుకోవడానికి పదహారు జీబీతో నడిచే పెట్టె చాలు. ఆటల కోసమైతే ఆటల కోసమనే చెప్పమనండి. తప్పేం కాదు, దానికి వేరే లెక్క, వేరే పండుగ బోనసు.

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లి వచ్చేవారున్నారు. నాలుగు దుకాణాల ధర తెలుస్తుంది, మంచిదే. కానీ గ్యారంటీలో ఏదైనా చెడితే మళ్లీ అంతదూరం పోవాలి, అదీ లెక్కలో వేసుకోండి. ఎక్కడ కొన్నా బిల్లు మీద బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ విడివిడిగా, వాటి నంబర్లతో రాయించండి. "కంప్యూటరు సెట్టు ఒకటి" అని రాసిస్తే తీసుకోవద్దు.

పాత పెట్టె ఇచ్చేసేటప్పుడు డిస్కు మాత్రం ఇవ్వకండి. పెళ్లి ఫొటోలు, ఆధార్ కాపీలు, పాస్‌బుక్ కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఫైళ్లు తుడిచేశామన్నా తిరిగి తీయగలవారుంటారు. పని మొదలుపెట్టక ముందే వాటిని వేరే డిస్కులోకి ఎక్కించి, ఒక్కొక్క ఫొటో తెరిచి చూసుకుని, పాత డిస్కు విప్పించి ఇంటికి తెచ్చుకోండి. దుకాణం అబ్బాయి "దానికేమొస్తది మేడం" అంటాడు. అననివ్వండి.