మన పేరిట అడిగినదెవరు?

పండుగపూట అప్పుల ప్రసంగమేమిటని నవ్వకండి. ఊరు విడిచి తొండేభావి చేరినవాళ్ళం. ఇల్లు కట్టబోతే బ్యాంకువారికి సిబిల్ రిపోర్టే మన పరపతి. ఏడాదికొకసారి అది ఉచితం. అందులో ఎంక్వైరీల పట్టిక చూడండి. మనం గడప తొక్కని సంస్థ పేరుంటే ఊరుకోరాదు. మన పాన్ నంబరుతో మరెవరో అప్పుకు పోయి ఉండవచ్చు.

సిబిల్ వారికి ఫిర్యాదు చేయండి, రుసుము లేదు. వారంతట వారు కొట్టివేయరు. ఆ సంస్థ ఒప్పుకోవాలి. కనుక అక్కడికీ అర్జీ పంపండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారమని రిజర్వు బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ 26 నుంచి. అప్పటికీ కదలకుంటే ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. నిజంగా మనమడిగినది మాత్రం చెరగదు సుమండీ!

అర్జీ రాయలేనివారు మా డ్యూటీ దిగినాక స్టేషనుకు రండి. ఓటీపీ మాత్రం మాకైనా చెప్పక, మీ చేత్తోనే కొట్టండి.